ఎక్స్-కిరణ నేపథ్యంలో మార్పులా, హెచ్చుతగ్గులా?

సందేహం: "ఆకాశమంతటా నేపథ్య ఎక్స్-కిరణ వికిరణంలో మార్పులు" అని ఒక వ్యాసంలో చదివాను. ఇక్కడ 'మార్పులు' సరైన మాటేనా? ఆకాశానికి నేపథ్యమేమిటి?

సమాధానం: 'మార్పు' అన్న మాటలో కాలం ఇమిడి ఉంది. ఒకే వస్తువు నిన్న ఒకలా, నేడు మరోలా ఉంటేనే మారిందంటాం. పక్కపక్కనున్న రెండు ధాన్యం బస్తాల తూకంలో తేడా ఉందంటాం గాని మార్పు ఉందనం. వికిరణం ఒక దిక్కున ఎక్కువగా, మరో దిక్కున తక్కువగా ఉండడం కూడా ఇటువంటిదే కనుక అక్కడ 'హెచ్చుతగ్గులు' అనడమే ఉచితం. కొందరు వాడే 'వైవిధ్యం' రకాల భేదాన్ని తెలుపుతుంది, పరిమాణాన్ని కాదు.

అయితే 'మార్పులు' అన్న మాటకూ ఇక్కడ చోటుంది. 1990లో ప్రయోగించిన రోసాట్ ఉపగ్రహం ఆకాశాన్నంతటినీ పరిశీలించినప్పుడు, ఒకే దిక్కున సైతం వికిరణం కొన్ని గంటలో, కొన్ని రోజులో పెరిగి మళ్లీ తగ్గడం కనిపించింది. సౌరపవనంలోని, అంటే సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహంలోని, ఆవేశిత కణాలు తటస్థ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను లాక్కున్నప్పుడు ఎక్స్-కిరణాలు వెలువడడమే దీనికి కారణమని తరువాత తేలింది. అవి నిజంగా మార్పులే.

ఇక నేపథ్యమంటే సంస్కృత నాటకాల్లో నటులు వేషం కట్టే, తెర వెనుకటి చోటు. అక్కడి నుంచి గొంతు వినిపిస్తుంది, మనిషి కనిపించడు. 1962 జూన్‌లో ఖగోళ భౌతిక శాస్త్రవేత్త రికార్డో జాకోనీ బృందం చంద్రుడి ఎక్స్-కిరణాల కోసం న్యూమెక్సికో నుంచి రాకెట్‌ను పంపినప్పుడు, మూలం తెలియకుండా అన్ని దిక్కులా పరచుకున్న వెలుగు పట్టుబడింది. దానికి ఈ పేరు ఎంత చక్కగా అమరిందో 1990లో రోసాట్ తీసిన చంద్రుడి చిత్రంలో చూడవచ్చు. ఎండ పడిన సగం వెలుగుతుండగా, చీకటి సగం వెనుకనున్న వెలుగును అడ్డుకుని నల్లగా కనిపిస్తుంది. ఆ నలుపులోనూ చెదురుమదురుగా ఉన్న చుక్కలు చంద్రుడికి ఇవతల, పైన చెప్పిన సౌరపవనం వల్ల పుట్టినవి కనుక వాటిని నేపథ్యమనడం నాకు సమ్మతం కాదు.

అధికశక్తి ఎక్స్-కిరణాలు చాలావరకు సుదూర గెలాక్సీల కృష్ణబిలాల పరిసరాల నుంచి వస్తాయి, దాదాపు అంతటా సమంగా ఉంటాయి. అల్పశక్తి కిరణాల్లో కొంత భాగం సూర్యుడి చుట్టుపక్కల ఉన్న వేడి వాయువు నుంచి వస్తుంది. దూరం నుంచి వచ్చేవాటిని దారిలోని చల్లని వాయువు ఒక్కోచోట ఒక్కోలా పీల్చుకుంటుంది. దిక్కును బట్టి తేడా ఎక్కువగా కనబడేది ఈ అల్పశక్తి కిరణాల్లోనే. 'ఆకాశమంతటా' అంటే సమంగా అన్న భావం తోస్తుంది కాబట్టి, "ఎక్స్-కిరణ నేపథ్యంలో దిక్కును బట్టి కనిపించే హెచ్చుతగ్గులు" అని నేను రాస్తాను.