పాప అన్నం మానేసింది, నెలసరి కూడా రావట్లేదు

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర ఊరు. పాపకు 15 ఏళ్లు, పదో తరగతి. ఎత్తు 154 సెంటీమీటర్లు. దసరాకు వచ్చిన చుట్టాలు 'మస్తు దొడ్డుగైనవ్' అన్నప్పటి నుంచి పొద్దున టిఫిన్, రాత్రి అన్నం మానేసింది. రెండు నెలల్లో 48 కిలోల నుంచి 43కు దిగింది. ఈ రెండు నెలలూ నెలసరి రాలేదు. అయినా అద్దం ముందు పొట్ట పట్టుకొని ఏడుస్తోంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఈ వారంలోనే పాపను డాక్టరుకు చూపించండి. పదో తరగతి పరీక్షలయ్యాక చూద్దామనుకోవద్దు.

ఆ ఎత్తుకు 48 కిలోలంటే బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే లెక్క, దాదాపు 20. పదిహేనేళ్ల ఆడపిల్లకు అది సరిగ్గా నడిమి లెక్క. అంటే పాప లావుగా లేనే లేదు. పెద్దమనిషయ్యే వయసులో తుంటికి, తొడలకు కొవ్వు చేరడం సహజం, నెలసరి సరిగ్గా రావడానికి అది కావాలి కూడా. 43 కిలోలు కూడా చార్టులో మామూలుగానే కనిపిస్తుంది, చాలామంది తల్లిదండ్రులు అక్కడే మోసపోతారు. ఇంత తొందరగా 5 కిలోలు తగ్గడం, నెలసరి ఆగడం మాత్రం మామూలు కాదు. తిండి చాలకపోతే శరీరం ముందుగా ఆపేసే పనుల్లో నెలసరి ఒకటి. అది చాలాకాలం ఆగితే ఎముకలు గట్టిపడాల్సిన వయసులో బలహీనపడతాయి.

డాక్టరు నాడి, బీపీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూస్తారు. పాపతో కాసేపు విడిగా మాట్లాడతానంటే అడ్డు చెప్పకండి. కళ్లు తిరిగి పడిపోయినా, మెలకువగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 50 కన్నా తగ్గినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తిన్న వెంటనే వాంతి చేసుకోవడానికి బాత్రూంలోకి వెళ్తోందా, సన్నబడే టీలు, విరేచనాల మాత్రలు వాడుతోందా గమనించండి. ఆ టీలు, మాత్రలతో పోయేది నీళ్లే, కొవ్వు కాదు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో పొటాషియం అనే లవణం పడిపోతే గుండె లయ తప్పుతుంది.

ఇంట్లో మూడు నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉంచకండి. పొద్దున జొన్నరొట్టె, పప్పు, గ్లాసు పాలు. బడికి గుప్పెడు పల్లీలు, బెల్లం. మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, పెరుగు. సాయంత్రం గుడ్డు లేదా గుగ్గిళ్లు. రాత్రి మళ్లీ అన్నమో రొట్టో. మీరే వడ్డించి పక్కన కూర్చొని తినండి. బతిమాలడం, తిట్టడం, 'ఇంకో ముద్ద' అని లెక్కపెట్టడం వద్దు. ఆ అరగంట బడి సంగతులు మాట్లాడండి. మొదట్లో కొంచెం తిన్నా కడుపు ఉబ్బినట్టుంటుంది, దాన్నే లావయ్యాననుకుంటుంది. కొన్ని వారాల్లో తగ్గుతుందని ముందే చెప్పండి. తూకం యంత్రం ఇంట్లోంచి తీసేయండి, బరువు డాక్టరు దగ్గరే చూద్దాం.

'నువ్వు సన్నగానే ఉన్నవ్' అని కూడా అనకండి, మాట మళ్లీ ఒంటి మీదికే పోతుంది. 'నీకు భయమైతుందని తెలుసు, నేనున్న' అనండి. ఆమె మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

సంక్రాంతికి చుట్టాలు రాకముందే ఫోన్ చేసి, పాప ఒళ్లు గురించి ఒక్క మాట కూడా ఎత్తొద్దని గట్టిగా చెప్పండి.