పుస్తకాలు మూడు, ఇల్లు ఒక్కటే

ప్రశ్న: మా ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకు, పసిపిల్లలకు, వృద్ధులకు వేర్వేరు కార్యక్రమాలు నడుస్తున్నాయి. వాటిని కలిపి కుటుంబమంతటికీ ఉపయోగపడే పథకాన్ని తయారుచేసే పని మాకు అప్పగించారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ఆరోగ్య కార్యకర్త

జవాబు: మీ కేంద్రం వారాల పట్టిక దగ్గర మొదలుపెట్టండి. ఒక గర్భిణి సోమవారం తన పరీక్షకు, బుధవారం పెద్దబిడ్డ టీకాకు, శుక్రవారం అత్తగారి రక్తపోటు మాత్రలకు వస్తోందనుకుందాం. మీ మూడు పుస్తకాల్లో మూడు పేర్లు నమోదవుతాయి గానీ, మూడుసార్లూ పని మానుకుని వచ్చింది ఒక్క మనిషే. ఆమె పోగొట్టుకునే రోజులను లెక్కలోకి తీసుకోని పథకం ఎంత మంచిదైనా సగంలోనే ఆగిపోతుందని నా నమ్మకం. కాబట్టి ముందు ఇంటికొక పుస్తకం పెట్టి, ఇంటిల్లిపాదినీ ఒకే రోజు చూసే ఏర్పాటు చేయండి. తండ్రులు కూడా రావాలంటే సాయంత్రాలూ కేంద్రం తెరిచి ఉండాలి.

వైద్యపరంగానూ ఇదే సరైన పద్ధతి. గజ్జి మొదటిసారి సోకినవారికి దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. గోక్కుంటున్న పిల్లవాడికి మాత్రమే మందు పూస్తే, పైకి ఏమీ కనిపించని అన్న నుంచో తల్లి నుంచో వాడికి మళ్లీ అంటుకుంటుంది. ఇంట్లో అందరూ ఒకేసారి పూసుకోవాలి. క్షయ రోగితో కలిసి ఉంటున్నవారందరినీ పరీక్షించాలనడం కూడా ఇలాంటిదే.

బ్రెజిల్ 1994లో ప్రారంభించిన కుటుంబ ఆరోగ్య కార్యక్రమంలో డాక్టరు, నర్సు, ఆరోగ్య కార్యకర్తలు ఉన్న ఒక్కో బృందానికి ఒక ప్రాంతంలోని కుటుంబాలన్నిటి బాధ్యతనూ అప్పగించి, జబ్బు ఉన్నా లేకున్నా కార్యకర్త నెలకోసారి ప్రతి ఇంటికీ వెళ్లాలన్న నియమం పెట్టారు. వెళ్లిన మనిషే మళ్లీ మళ్లీ వెళ్లడం అందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. మంచం పట్టిన తండ్రికి సేవ చేస్తున్న కూతురు పోయిన నెలకన్నా ఎంత చిక్కిపోయిందో కొత్తగా వచ్చినవారికి తెలియదు.

అయితే ఇల్లు అందరికీ రక్షణ ఇవ్వదన్న సంగతిని పథకం రాసేటప్పుడే గుర్తుంచుకోండి. దెబ్బలు తింటున్న భార్య భర్త ఎదుట నోరు విప్పదు, తల్లిదండ్రుల ముందు అడగలేని సందేహాలు ఎదిగే పిల్లలకు ఉంటాయి. ప్రతి ఒక్కరితో కాసేపు ఒంటరిగా మాట్లాడే వీలు కల్పించి, వారు చెప్పినదాన్ని ఇంటి పుస్తకంలో కాక, విడిగా, గోప్యంగా భద్రపరచండి.