ఆన్‌లైన్‌లో ఆట నడపబోతున్న అల్లుడికి

కడప

చిరంజీవి అల్లుడికి మామ ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, "వీడెవరో ఆరుగురిని పోగుచేసి రాక్షసుల ఆట నడుపుతాడంట, నీ జబ్బే వీడికీ అంటుకుంది" అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది, సంతోషమూ కలిగింది. ఎనిమిదేళ్లుగా శనివారం రాత్రులు ఈ ఆటకే ఇచ్చినవాణ్ణి కాబట్టి, నేను చేసిన తప్పులు నీవు మళ్ళీ చేయనక్కరలేదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మనం ఆడే ఈ డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌ను, అంటే ఒకడు కథ నడిపితే మిగతావాళ్లు తలా ఒక పాత్రగా మాటలతో, పాచికలతో ఆడే ఆటను, 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చినప్పుడు ఆడేవాళ్లంతా ఒకే బల్ల చుట్టూ కూర్చునేవాళ్లు. ఒకడికి విసుగొస్తే పక్కవాడికి తెలిసేది, ఇంకొకడు మాట్లాడబోయి ఆగితే కథ నడిపే గేమ్ మాస్టర్ కంట పడేది. నీకు ఆ బల్ల లేదు. నీ ముందు ఉండేవి ఆరు గుండ్రటి బొమ్మలు, వాటిలో సగానికి మైకు గుర్తు మీద ఎర్రగీత. నియమాలు నీకు నాకంటే బాగా తెలిసి ఉంటాయి కనుక వాటి జోలికి పోను. ఆ బల్ల లేని లోటును ఎట్లా పూడ్చుకోవాలన్నదే నేను చెప్పగలిగినది.

మొదటి ఏడాది నా గుంపులో కువైట్ నుండి ఆడే ఒకతను ఉండేవాడు, మన రాయచోటి వైపు మనిషే. మూడు గంటల సెషన్‌లో "ఊ", "సరేన్నా" తప్ప అతని నుండి మాట వచ్చేది కాదు. ఆసక్తి లేదనుకొని అతని విలుకాడిని నాలుగు వారాలు వెనుక వరుసలోనే నడిపించాను. చివరికి ఒకరోజు విడిగా ఫోన్ చేసి అడిగితే విషయం తెలిసింది: గదిలో ఐదుగురు ఉంటారు, మనం ఆడే వేళకు పైమంచం మీద నైట్ డ్యూటీకి పోవలసిన మనిషి నిద్రపోతుంటాడు, గొంతు పెరిగితే గొడవ అవుతుంది. ఆ మరుసటి వారం నుండి అతను టైపు చేస్తే నేను పైకి చదివేవాణ్ణి; అతని పొట్టి వాక్యాలు మిగతావాళ్ల ఉపన్యాసాలకంటే పదునుగా ఉండేవి. ఎవరైనా మౌనంగా ఉన్నారంటే దానికి అర్థం నీవే ఊహించుకోవద్దు. సెషన్ అయిన మరునాడు విడిగా అడుగు. అందరి ముందూ అడిగితే "ఏం లేదన్నా, బాగుంది" అనే అంటారు.

ఆట జరుగుతున్నప్పుడు "ఇప్పుడు ఏం చేస్తారు?" అని గుంపు మొత్తాన్నీ అడిగే అలవాటు మానుకో. బల్ల దగ్గర ఆ ప్రశ్నకు ఎవరో ఒకరు కళ్లతోనే జవాబు మొదలుపెడతారు. ఆన్‌లైన్‌లో అయితే ముందు నిశ్శబ్దం, తరువాత ఇద్దరు ఒకేసారి మాట్లాడటం, ఆపైన "నువ్వు చెప్పు", "లేదు లేదు, నువ్వే చెప్పు" అని మర్యాదలు, అంతలో డ్రాగన్ చల్లారిపోతుంది. పేరు పెట్టి పిలువు, పాత్ర కళ్ల ముందు ఏముందో చెప్పి అడుగు: "వంతెన తాడు ఒక్కొక్క పోగే తెగుతోంది, దివిటీ నీ చేతిలో ఉంది, నీ వెనుక పూజారి ఇంకా వంతెన మధ్యలోనే ఉన్నాడు, నీవు ఏం చేస్తున్నావు?" అని. ఆ తరువాత ఎవరి వంతో కూడా ముందే చెప్పిపెట్టు, లేకపోతే వాళ్లు ఫోన్‌లో క్రికెట్ స్కోరు చూసుకుంటూ ఉండి, పిలిచాక "ఏమైందన్నా?" అని మొదటికి తెస్తారు.

సిద్ధం చేసుకోవడంలో నేను పడిన పాట్లు చెబితే నీకు నవ్వొస్తుంది. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు చూసి వచ్చిన ఊపులో, 3229 మీటర్ల ఆ గుహల్ని నేలమాళిగగా మార్చి, పాతాళగంగ దగ్గర ఒక నాగరాజును కూర్చోబెట్టి, నలభై గదుల మ్యాప్ నెల రోజులు గీశాను. ఆటగాళ్లు ఏడు గదులు చూశారు. ఎనిమిదో గది ముందు ఒకడు "ఈ గాలి ఎక్కడి నుండి వస్తోంది?" అని అడిగి, నేను చేతికొచ్చిన జవాబేదో చెబితే, ఆ దారినే పట్టుకొని బయటపడి, దగ్గరి ఊరి కరణం మీద కూపీ లాగడం మొదలుపెట్టారు. ఆ కరణం నేను అప్పటికప్పుడు పుట్టించిన మనిషి. నాగరాజు ఇప్పటికీ నా కంప్యూటర్లోనే ఉన్నాడు.

నిమ్మలకుంట తోలుబొమ్మలాటలో బొమ్మల కర్రలన్నీ తెర వెనుక ఉన్నవాళ్ల చేతుల్లోనే ఉంటాయి, అందుకే అక్కడ కథ అనుకున్నట్టే నడుస్తుంది. నీ ఆటలో ముఖ్యమైన కర్రలు ఎదుటివాళ్ల చేతుల్లో ఉంటాయి. కాబట్టి జరగబోయే కథ రాసుకోవద్దు. ఎవరికి ఏమి కావాలో రాసుకో. ఉదాహరణకు గండికోటలాగా పెన్నా లోయ అంచున ఒక కోట ఉందనుకో. కోటలోని ధాన్యపు కొట్టు నిండా గింజలున్నాయి, కింది పల్లెల్లో మూడేళ్లుగా వాన లేదు, కొట్టు తాళం దళవాయి దగ్గర ఉంది, దళవాయి కొడుకు పల్లెలో ఎవరికో మాట ఇచ్చాడు, లోయలో ఏదో పెద్ద జంతువు మేలుకుంది. ఇంతే, అర పేజీ. ఎవరూ అడ్డుపడకపోతే వచ్చే పౌర్ణమికి ఏమవుతుందో ఒక్క వాక్యం రాసుకో. మిగతాది వాళ్లే చేస్తారు. మన సీమలో కరువు గురించి ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు కాబట్టి, అటువంటి కథలో అందరూ వెంటనే మాట్లాడతారని నా అనుభవం.

పాచికల దగ్గర ఒక లెక్క గుర్తుంచుకో. నలుగురు చప్పుడు లేకుండా గోడ దాటాలి, ఒక్కొక్కరికి డీ20 మీద, అంటే ఇరవై ముఖాల పాచిక మీద, 7 గానీ అంతకు మించి గానీ పడితే చాలు. అంటే ఒక్కొక్కరికి గెలిచే అవకాశం 70 శాతం, చూడడానికి సులువైన పనే. కానీ నలుగురి చేతా విడివిడిగా వేయించి నలుగురూ గెలవాలంటే ఆ అవకాశం 24 శాతానికి పడిపోతుంది. "మేమెప్పుడూ దొరికిపోతాం" అని నా గుంపు రెండేళ్లు ఏడ్చింది. తప్పు వాళ్ల అదృష్టానిది కాదు, నాది. సగంమంది గెలిస్తే గుంపంతా గెలిచినట్టే అనే నియమం ఈ ఆట ఐదో ఎడిషన్‌లోనే ఉంది, దాన్ని వాడు. అట్లాగే, తాళంచెవి దొరకకపోతే ఆట ఆగిపోతుందనుకుంటే, దానికి పాచిక వేయించకుండా తాళంచెవి ఇచ్చెయ్యి. వెతికేలోపల కాపలావాడు మేలుకున్నాడా లేదా అన్నదానికి వేయించు.

మొదటి సెషన్‌కు ముందే ఒక గంట ఆట లేకుండా కూర్చొని, ఎవరికి ఏది వద్దో అడిగి తెలుసుకో. దీన్ని సెషన్ జీరో అంటారు, నీకు తెలిసే ఉంటుంది. దీన్ని మొక్కుబడిగా చేసేవాళ్లే ఎక్కువ. నా గుంపులో ఒకరు, కథలో ఇళ్లు తగలబెట్టడం, వంశాల పగలు వద్దని రాసి పంపారు. కారణం నేను అడగలేదు, మన ప్రాంతంలో అడగనక్కరలేదు కూడా. అందుకే నోటితో కాకుండా నీకు విడిగా రాసి పంపమను. ఆట మధ్యలో ఎవరైనా చాట్‌లో ఒక్క ఎక్స్ అక్షరం పెడితే ఆ సన్నివేశాన్ని మారు మాట లేకుండా దాటెయ్యి.

సరంజామా గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మాటకు డిస్కార్డ్, మ్యాప్‌కు రోల్20 ఉచిత ఖాతా చాలు. ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేశారు కాబట్టి ఎవరి చేతా పుస్తకాలు కొనిపించవద్దు. ఆరుగురు మాత్రం ఎక్కువ. పిలిచినవాళ్లను పొమ్మనలేవు కనుక, నలుగురు వస్తే ఆట జరుగుతుందని, రానివాళ్ల పాత్రలు ఆ రోజు గుర్రాల దగ్గర కాపలా ఉంటాయని ఇప్పుడే చెప్పిపెట్టు.

నీ గుంపులో ఒకరు కువైట్‌లో, ఒకరు డాలస్‌లో ఉన్నారని మీ అమ్మ చెప్పింది. కువైట్‌లో సెలవులు శుక్ర, శనివారాలు, అమెరికాలో శని, ఆదివారాలు. అందరికీ కలిసొచ్చేది శనివారం ఒక్కటే. మనకు రాత్రి 8:30 అంటే కువైట్‌లో సాయంత్రం 6, డాలస్‌లో చలికాలంలో ఉదయం 9. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం ముందుకు జరుపుతారు, అప్పటి నుండి నవంబర్ దాకా అది 10 అవుతుంది. ఆ వారం నీవు గుర్తు చేయకపోతే, డాలస్ మనిషి గంట ముందే వచ్చి కూర్చొని అందరికీ మెసేజీలు పెడతాడు.

మొదటి సెషన్ వినడానికి నన్ను రమ్మన్నావట. రాను. పెద్దవాడొకడు వింటున్నాడంటే ప్రతి సందేహానికీ వాళ్లు నీ వైపు కాకుండా నా వైపు చూస్తారు. మూడో వారమో నాలుగో వారమో కోట ముఖద్వారం దగ్గర దగ్గుతూ కూర్చునే ముసలి కాపలాదారు గొంతు కావాలనుకుంటే ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వు. పదిన్నర దాకా మేలుకొనే ఉంటాను.

ఇట్లు,
మామ