ఆవాలను మొలకెత్తామా, మొలకెత్తించామా?

సందేహం: ఇంట్లో ఆవాల మొలకలు పెంచే పద్ధతిని మిత్రులకు రాసి పంపుతూ, “ఆవాలను మొలకెత్తాను, మూడో రోజుకు మొలకలు మొలకెత్తాయి, వేళ్లకు బూజు పట్టినవి పారేసి, మిగిలినవి పెంచి తింటే కారంగా ఉన్నాయి” అన్నాను. ఇందులో తప్పులున్నాయని ఒకరన్నారు. ‘ఆవాల మొలకలు’ అనాలా, ‘ఆవ మొలకలు’ అనాలా అన్నదీ తేలలేదు. వివరించగలరు.

సమాధానం: అసలు తప్పు మొదటి క్రియలో ఉంది. ‘ఎత్తు’ విడిగా ఉన్నప్పుడు సాధారణంగా సకర్మకం, అంటే ‘దేన్ని?’ అన్న ప్రశ్నకు జవాబుగా నిలిచే కర్మ దానికి ఉంటుంది. బరువును ఎత్తుతాం, చేతిని ఎత్తుతాం. ‘ఆవాలను మొలకెత్తాను’ అనడానికి ఆ అలవాటే కారణమై ఉంటుంది. అయితే ఒక నామపదం వెంట చేరి దానితో ఒకే క్రియగా కుదిరినప్పుడు అదే ‘ఎత్తు’ పైకి రావడం, పెల్లుబకడం అనే అర్థంలో అకర్మకం కావడం తెలుగులో మామూలే. సభ హోరెత్తుతుంది, జనం పోటెత్తుతారు, అభిమానం వెల్లువెత్తుతుంది. వీటిలో దేనికీ కర్మ లేదు. మొలక, ఎత్తు అనే రెండు పదాలు అకార సంధితో కలిసిన ‘మొలకెత్తు’ కూడా ఈ కోవలోదే. మొలకెత్తేది గింజ, నీళ్లు చిలకరించి, తడి ఆరకుండా కాచుకుని దానిచేత ఆ పని చేయించేవారు మీరు. కాబట్టి ‘హోరెత్తించారు’ అన్నట్లే, ప్రేరణార్థకమైన ‘ఇంచు’ చేర్చి ‘ఆవాలను మొలకెత్తించాను’ అనాలి. మీ ప్రమేయం చెప్పనక్కర లేదనుకుంటే ‘ఆవాలు మొలకెత్తాయి’ అంటే చాలు. ఇక ‘మొలకలు మొలకెత్తాయి’ అన్నది వట్టి పునరుక్తి. మొలకెత్తేవి గింజలు, మొలకలు వస్తాయి, పెరుగుతాయి.

పేరు విషయంలో పట్టుదల అవసరం లేదు. ‘ఆవాలు’ అని బహువచనంలోనే వాడే ఈ మాట సమాసంలో పూర్వపదమైనప్పుడు ‘ఆవ’ అవుతుంది: ఆవపిండి, ఆవనూనె, ఆవగింజ. కందులు, మెంతులు కూడా కందిపప్పు, మెంతిపొడి అయ్యాయి. అయినా ధనియాల పొడి, నువ్వుల నూనె వంటివి బహువచనంతోనే నిలిచాయి గనుక ‘ఆవాల మొలకలు’ తప్పు కాదు. నన్ను ఎంచుకోమంటే ‘ఆవ మొలకలు’ అంటాను.

‘మొలకెత్తిన పెసలు’ అన్నట్లు ‘మొలకెత్తిన ఆవాలు’ అంటే ఏమని అడిగేవారూ ఉంటారు. దీనికి వ్యాకరణం అడ్డు రాదు, వస్తువే అడ్డు వస్తుంది. పెసలు చిన్న తోక వేయగానే గింజతో సహా తినేస్తాం. అక్కడ గింజే ప్రధానం. ఆవగింజ ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రటి గింజ. పైగా నానితే దాని పైపొర జిగురు వదలడం వల్ల సీసాలో పెంచితే ముద్ద కడుతుంది. అందుకే తడిగుడ్డ మీదో పలచటి మట్టి మీదో పరచి పెంచుతారు. వారం పది రోజుల్లో సన్నని కాడ నిలబడి, చివర నడుమ నొక్కు పడిన రెండు బీజదళాలు, అంటే గింజలోనే ఉండే తొలి ఆకులు, విచ్చుకుని, గింజ తొడుగు రాలిపోతుంది. అప్పుడు కత్తిరించి తినేది ఆ కాడనూ ఆ రెండు దళాలనూ. గింజే మిగలని చోట ‘మొలకెత్తిన ఆవాలు’ అనడం ఎందుకు? ఈ దశకు ‘మైక్రోగ్రీన్స్’ అన్న మాట ఇప్పుడు బాగా వాడుకలో ఉంది, దాన్ని కాదనను. దళాల నడుమ అసలు ఆకులు వచ్చాక మాత్రం ‘లేత ఆవ మొక్కలు’ అనడమే సబబు.

‘బూజు’ అన్నచోట మాట కంటే ముందు కన్ను పొరబడి ఉండవచ్చు. రెండో రోజో మూడో రోజో ఆవ మొలక వేరు చుట్టూ తెల్లని నూగు కనిపిస్తుంది. అది మూలకేశాల, అంటే వేరు మీది సన్నని వెంట్రుకల, గుంపు. నీళ్లు చిలకరిస్తే వేరుకు అంటుకుపోయి కనిపించకుండా పోతుంది. బూజు అలా పోదు. సాలెగూడు దారాల్లా ఒక మొలక నుంచి మరో మొలకకు పాకి, ముక్క వాసన వేస్తుంది. మొదటిదాన్ని ‘వేరు నూగు’ అనండి, రెండోదాన్ని బూజు అని పారేయండి.

చివరిది రుచి. ‘కారం’ అనగానే మనకు తట్టేది నాలుకను మండించే మిరప. నల్ల ఆవాల్లో సినిగ్రిన్ అనే పదార్థం, దాన్ని విడగొట్టే మైరోసినేజ్ అనే ఎంజైము వేర్వేరుగా ఉంటాయి. నమిలినప్పుడో నూరినప్పుడో రెండూ కలిసి, సులువుగా ఆవిరయ్యే ఐసోథయోసయనేట్ పుడుతుంది. అది నాలుక కంటే ముక్కుకు ఎక్కువగా తగులుతుంది. మొలకల్లోనూ కొంత తగ్గి ఇదే ఉంటుంది. ముక్కుకెక్కే ఈ గుణానికి ‘ఘాటు’ అన్న మాట సిద్ధంగా ఉంది గనుక, ‘ఆవ మొలకలు ఘాటుగా ఉన్నాయి’ అని రాయండి.