ట్యాగ్ చేస్తే ఫోటో వాడుకోమన్నట్టేనా?

ప్రశ్న: మేం ఒక చిన్న రెస్టారెంట్ నడుపుతున్నాం అండి. కొత్త మెనూ గురించి ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టులు పెడుతున్నాం. ఒక కస్టమర్ మా దగ్గర తింటూ ఫోటో తీసి మమ్మల్ని ట్యాగ్ చేశారు, బాగుందని అది సేవ్ చేసుకుని మా మెనూ పోస్టులో వాడాం, కింద ఆవిడ పేరు కూడా వేశాం. ఇప్పుడేమో డబ్బులివ్వండి లేదంటే కేసు వేస్తానంటున్నారు. వంట మాది, ప్లేటు మాది, ట్యాగ్ చేసింది ఆవిడే. మా తప్పేంటి?

జవాబు: మీ బాధ అర్థమైంది అండి, కావాలని చేసింది కాదని కూడా తెలుస్తోంది. కానీ వంట మీది, ఫోటో ఆవిడది. మీరు ఏ దేశం నుంచి రాశారో చెప్పలేదు, అయినా ఈ విషయంలో పెద్ద తేడా ఉండదు, ఎందుకంటే కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన 1886 నాటి బెర్న్ ఒప్పందంలో దాదాపు దేశాలన్నీ ఉన్నాయి, దాని ప్రకారం కాపీరైట్ రావడానికి ఎక్కడా రిజిస్టర్ చేయించక్కర్లేదు, మామూలుగా ఫోటో తీసినవాళ్ళకి తీసిన క్షణమే వచ్చేస్తుంది, ఫోన్‌తో తీసినా అంతే. ట్యాగ్ చేయడమంటే "ఇదిగో చూడండి" అనడమే, "మీ వ్యాపారానికి వాడుకోండి" అనడం కాదు. పేరు వేయడం మర్యాదే కానీ పర్మిషన్ కాదు, చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు. ఆవిడ పోస్టునే యాప్‌లో షేర్ చేయడం వేరు, ఫోటో సేవ్ చేసుకుని, క్రాప్ చేసి, దానిమీద మెనూ రేట్లు రాసి మీ పోస్టుగా పెట్టడం వేరు. దాన్ని డబ్బులు పెట్టి బూస్ట్ కూడా చేసి ఉంటే మీ వాదన ఇంకా బలహీనపడుతుంది.

ఇప్పుడు చేయాల్సింది, ముందు ఆ పోస్టు స్క్రీన్‌షాట్ తీసుకుని (తేదీ, పెట్టిన మాటలు కనబడాలి) తర్వాత పోస్టు తీసేయండి. ఆవిడ మెసేజ్‌లు మాత్రం డిలీట్ చేయొద్దు, బ్లాక్ అసలే చేయొద్దు. కోపంగా రిప్లై పెట్టకుండా "పోస్టు తీసేశాం, ఒరిజినల్ ఫోటో ఫైల్ చూపిస్తే మాట్లాడుకుందాం" అని మర్యాదగా రాయండి. అడిగిన మొత్తం న్యాయంగా ఉంటే సెటిల్ చేసుకోవడమే మంచిదని నా అభిప్రాయం, కోర్టు చుట్టూ తిరిగే ఖర్చుతో పోలిస్తే అదే తక్కువ అవుతుంది. కాకపోతే ఇక దీనిమీద ఏ క్లెయిమూ లేదని రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బివ్వండి. మొత్తం మరీ ఎక్కువనిపిస్తే మీ ఊళ్ళో లాయర్‌కి ఆ మెసేజ్‌లు చూపించాకే రిప్లై ఇవ్వండి.

ఇకమీదట ఎవరి ఫోటో నచ్చినా ఇలా ఒక్క మెసేజ్ పెట్టండి: "మీరు తీసిన ఈ ఫోటోని మా పేజీలో, పెయిడ్ యాడ్స్‌లో, ప్రింట్ మెనూలో వాడుకోవచ్చా? ఎడిట్ చేయొచ్చా?" వాళ్ళు సరే అంటే ఆ స్క్రీన్‌షాట్ దాచుకోండి. యాడ్స్, ప్రింట్ అని విడిగా అడగండి, ఉత్తి "వాడుకోవచ్చా" అంటే దేనికి అన్న గొడవ మళ్ళీ వస్తుంది.

ఫోటోగ్రాఫర్‌ని పెట్టుకుంటే సమస్య ఉండదనుకోకండి. ఇండియాలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే అగ్రిమెంట్ లేకపోతే, తీయించుకున్నవాళ్ళే ఓనర్. అమెరికా, బ్రిటన్‌లలో మామూలుగా ఆ ఫ్రీలాన్స్ ఫోటోగ్రాఫరే ఓనర్, డబ్బు మీరిచ్చినా సరే. కాబట్టి ఎక్కడున్నా ఒక పేజీ అగ్రిమెంట్ రాసుకోండి.

మీరు అడగకపోయినా రెండు మాటలు చెప్తాను. రీల్స్‌కి ట్రెండింగ్ పాట పెట్టకండి, ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్న పాటలన్నీ వ్యాపారానికి వాడుకోవడానికి ఇచ్చినవి కావు, ఇన్‌స్టాగ్రామ్ ఓనర్ అయిన మెటా కంపెనీ ఇచ్చే పాటల లైబ్రరీ, మెటా సౌండ్ కలెక్షన్‌లో వెతుక్కోండి. ఇన్‌ఫ్లుయెన్సర్‌కి ఫ్రీగా భోజనం పెట్టి వీడియో చేయించుకుంటే, డబ్బు ఇవ్వకపోయినా అది ప్రమోషన్ అని కనబడేలా చెప్పించాలి, ఇండియాలో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద వచ్చిన 2022 గైడ్‌లైన్స్, అమెరికాలో ఎఫ్‌టీసీ (వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ) రూల్స్ రెండూ ఇదే అంటాయి. "మరిన్ని" నొక్కితే గానీ కనబడని చోట హ్యాష్‌ట్యాగుల మధ్య దాచేస్తే చెప్పినట్టు కాదు, వీడియో మొదట్లోనే వినబడాలి లేదా కనబడాలి.