బెలూన్ ఎగరేసే రోజు

బుజ్జీ,

మీ వీధి చివర చర్చి వెనక సెల్ టవర్ వస్తోందని, కట్టడాలకు అనుమతులిచ్చే టౌన్ బోర్డు హియరింగ్‌లో నువ్వు మాట్లాడబోతున్నావని మీ అమ్మ గుంటూరు నుంచి ఫోన్ చేసి చెప్పింది. చిన్నప్పుడు ఎవరైనా పేరడిగితే నా కొంగు వెనక దాక్కునేదానివి, ఇప్పుడు మైకు ముందు నిలబడతానంటున్నావు. సంతోషం వేసింది, వెంటనే టెన్షనూ పట్టుకుంది. ఇదే న్యూజెర్సీలో ఒకసారి నేనూ అలాగే నిలబడి అంతా పాడుచేశాను మరి.

టౌన్ ఆఫీసుకెళ్లి వాళ్ల అప్లికేషనూ, ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే జోనింగ్ ఆర్డినెన్సూ చదువు. ఎత్తు ఎంత, సరిహద్దు నుంచి ఎంత దూరం వదలాలి, అన్నీ అందులోనే ఉంటాయి. హియరింగ్‌లు రాత్రి పదకొండు దాకా సాగుతాయి, కాస్త పెరుగన్నం తినేసి వెళ్లు.

ఇక నా సంగతి. మా పెరటి కంచె అవతల 130 అడుగుల టవర్ అన్నారు. మేమంతా రేడియేషన్, రేడియేషన్ అని ఊగిపోయాం. రెండు వందల సంతకాలు పట్టుకెళ్తే బోర్డు లాయరు తీసుకోలేదు, సంతకాన్ని ఎదురు ప్రశ్న వేయలేం కదా అన్నాడు. నా వంతు వచ్చింది, ప్రమాణం చేయించారు. అప్పటికి మా చిన్నాడికి నాలుగేళ్లు. వాడి ఫొటో పైకెత్తి పట్టుకుని ఏడ్చేశాను. హాలంతా చప్పట్లు. బోర్డు టవర్ వద్దంది. ఆ రాత్రి ఇంటికొచ్చి పాయసం కూడా వండాను.

నెల తిరక్కుండానే కంపెనీ ఫెడరల్ కోర్టుకెక్కింది. 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టంలో స్పష్టంగా ఉందట: రేడియేషన్ ఫెడరల్ కమ్యూనికేషన్ల సంస్థ ఎఫ్‌సీసీ పెట్టిన పరిమితులు దాటనంతవరకు ఆ కారణంతో ఏ టౌనూ టవర్‌ని ఆపకూడదు. కాదనాలంటే కాగితం మీద కాదనాలి, దానికి గట్టి ఆధారం రికార్డులో ఉండాలి. మా రికార్డు తిరగేస్తే ఏముంది? భయాలు, నా ఏడుపు. టౌన్ ఓడిపోయింది.

నా దగ్గర ఆధారం లేక కాదే తల్లీ. టవర్ ఎంత ఎత్తున కనపడుతుందో చూపించడానికి కంపెనీవాళ్లు ఒక శనివారం పొద్దున ఎర్ర బెలూన్‌కి తాడు కట్టి ఎగరేశారు. వంటింట్లో సింకు ముందు నిలబడితే కిటికీలో సరిగ్గా మధ్యలో అదే. టీ కప్పు పట్టుకుని దాన్ని చూస్తూ నిలబడ్డానుగానీ ఒక్క ఫొటో తీయలేదు. తర్వాత వాళ్ల నిపుణుడు బోర్డుకి చూపించిన ఫొటోల్లో మా వీధే లేదు! ‘మా వైపు నుంచి ఎందుకు తీయలేదు’ అని ఆయన్ని నిలదీసే హక్కు మాకుంది. అడగలేదు. నా ఇంగ్లిష్‌కి ఎవరైనా నవ్వుతారేమోనని ప్రశ్నల వేళంతా తలొంచుకుని కూర్చున్నాను.

ఇప్పుడక్కడ పైన్ చెట్టు వేషంలో టవర్ ఉంది, చీపురుకట్టని తలకిందులుగా పాతిపెట్టినట్టు. నువ్వే అడిగావు, “పెద్దమ్మా, ఆ చెట్టుకేమైంది?” అని. సిగ్నల్ మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది, అది వేరే సంగతి.

కాబట్టి బోర్డు ముందు రేడియేషన్ మాట ఎత్తావంటే ఊరుకోను. కడుపుతో ఉన్నదానివి, ఆ భయం వద్దన్నా వస్తుంది. రాత్రి ఎన్నింటికైనా సరే, నాకు ఫోన్ చేసి చెప్పుకో. బోర్డుకి మాత్రం ఎత్తు, దూరం, కనపడే తీరు చెప్పు. ఊళ్లో నీళ్ల ట్యాంకు మీదో, ఉన్న టవర్ మీదో యాంటెన్నాలు ఎందుకు పెట్టలేరో అడుగు. అసలు సర్వీసే రాకుండా అడ్డుపడే అధికారం టౌన్‌కి లేదు. అందుకే ‘ఎక్కడా వద్దు’ అనకు, ‘ఇక్కడ ఎందుకు’ అను.

ఒకవేళ బోర్డు ఒప్పుకునేలా ఉంటే టవర్ మారువేషం చెడకూడదన్న షరతు తీర్మానంలోనే రాయించండి. 2012లో వచ్చిన ఇంకో చట్టం ప్రకారం, కట్టిన టవర్‌ని తర్వాత ఇంకో 20 అడుగులు పెంచుతామంటే టౌన్ చాలావరకు కాదనలేదు. ఆ షరతుంటే కొంత పట్టు దొరుకుతుంది.

మీ బెలూన్ కూడా వచ్చే శనివారమేనటగా. శుక్రవారం రాత్రికే వస్తాను. గాలికి బెలూన్ ఒరిగిపోయి తక్కువ ఎత్తులో కనపడుతుంది, అందుకే తెల్లారకముందే లేవాలి. నువ్వు నిచ్చెనలెక్కకు, మేడ మీద కిటికీ ఫొటోలు నేను తీస్తాను. ఫోన్ చార్జింగ్ పెట్టి ఉంచు.

మీ పెద్దమ్మ