గుడి మరమ్మతు కమిటీలో చేరిన అబ్బాయికి

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

మీ విచారణ (పారిష్) కాథలిక్ గుడి మరమ్మతుల కమిటీలో నిన్ను వేశారని మీ నాన్న చెప్పాడు. సంతోషం. ఫోన్లో నువ్వు అడిగినవన్నీ పాలరాయి రంగు గురించీ, కొత్త బలిపీఠం డిజైను గురించీ. నేను కూర్చున్న ప్రతి కమిటీలోనూ మొదటి మీటింగు ఇలాగే నడిచింది. కంటికి కనిపించేవాటి మీదే అందరికీ అభిప్రాయాలుంటాయి మరి. కానీ గుడిని పాడుచేసేది నీళ్లు. డబ్బు ముందు అక్కడికి పోవాలి.

గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని గుడి చుట్టూ తిరుగు. కప్పు మీద పడ్డ నీళ్లు ఎటు పోతున్నాయో, ఏ మూల పొంగిపొర్లుతున్నాయో, గొట్టం వాటిని గోడ మొదట్లోనే వదిలేస్తోందో చూడు. వాన వెలిశాక ఎవరినైనా తోడు తీసుకుని పైకప్పు లోపలికి ఎక్కు. దూలాల చివర్లు గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి, ముందు పుచ్చేది అక్కడే. తర్వాత బయటి నేల ఎత్తు కొలువు. ఏళ్ల తరబడి ఆవరణలో మట్టి మీద కాంక్రీటు, దాని మీద టైల్స్ వేసుకుంటూ పోతే బయటి నేల లోపలి నేల కన్నా ఎత్తయిపోతుంది. ఆ తడి అంతా గోడ తాగుతుంది. గోడ కింది భాగంలో రంగు పొట్టుగా రాలుతుంటే కారణం ఇలాంటిదే అయి ఉంటుంది. పెయింటర్‌ని పిలిచి మళ్లీ రంగు వేయిస్తే రెండో వానాకాలానికి మళ్లీ రాలుతుంది.

మీ గుడి పాత రోజుల్లో సున్నంతో కట్టిందైతే ఒక్క విషయంలో మొండిగా ఉండు. ఆ గోడల మీద సిమెంటు ప్లాస్టరింగు చేయనివ్వకు. సిమెంటు గట్టిదని మేస్త్రి అంటాడు. నిజమే, ఇబ్బంది అంతా ఆ గట్టితనంతోనే. సున్నం గోడలోకి చేరిన తడి ఆ సున్నంలోంచే మెల్లగా బయటికి ఆరిపోతుంది. గోడ కాస్త కదిలినా సున్నం సర్దుకుంటుంది. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. తడి లోపలే చిక్కుకుంటుంది, ఉప్పు పేరుకుంటుంది, ఇటుక పొడి పొడి అవుతుంది. పైకి మాత్రం కొన్నేళ్లు అద్దంలా మెరుస్తూ ఉంటుంది. ప్లాస్టిక్ పెయింట్లు చేసే పనీ ఇదే. సున్నపు పని తెలిసిన మనిషి దొరకడం కష్టం, నెమ్మదిగా సాగే పని కూడా. అయినా వెతకండి.

ఇక అనుమతుల సంగతి. ఫాదర్ గారు సరే అన్నారు కదా అని పని మొదలుపెట్టకండి. 1983 నాటి శ్రీసభ (కాథలిక్ సంఘం) చట్టం గుడుల నిర్మాణంలోనూ పునరుద్ధరణలోనూ నిపుణుల సలహా తీసుకోవాలనీ, దైవార్చన (పూజావిధి) నియమాలూ పవిత్ర కళ నియమాలూ పాటించాలనీ చెబుతుంది (1216వ అధికరణం). మామూలు నిర్వహణ హద్దు దాటిన ఖర్చుకు ముందుగా మేత్రాసనం (బిషప్ గారి పాలనా ప్రాంతం) నుంచి రాతపూర్వక అనుమతి కావాలి. ఆ హద్దు ఎక్కడుందో మేత్రాసన కార్యాలయంలో అడుగు. పురాతనమైన, కళ పరంగా విలువైన, లేదా భక్తులు ప్రత్యేకంగా గౌరవించే స్వరూపానికి (విగ్రహం, చిత్రం లాంటివి) మరమ్మతు అవసరమైతే దానికీ రాతపూర్వక అనుమతి ఉండాలి, నిపుణులను సంప్రదించాకే ఆ అనుమతి ఇవ్వాలి (1189వ అధికరణం). మంచి మనసుతోనే ఎవరో వచ్చి ఆయిల్ పెయింట్‌తో మరియమ్మ ముఖానికి కొత్త రంగు వేస్తారు. ఆ పాత ముఖం మళ్లీ రాదు.

అందుకే పని మొదలయ్యే ముందు ఏది ఏమిటో తెలుసుకుని రాసిపెట్టుకోండి. ప్రతి గోడ, ప్రతి స్వరూపం, ప్రతి కిటికీ, ప్రతి శిలాఫలకం ఫోటో తీయండి. బలిపీఠం కింద పునీతుల అవశేషాలు ఉన్నాయేమో పాత రికార్డుల్లో చూడమని ఫాదర్ గారిని అడుగు. ఉంటే వాటిని కూలీలు తీయకూడదు. ప్రతిష్ఠ జరిగిన బలిపీఠాన్ని దైవార్చనకు తప్ప వేరే పనికి వాడరాదని చట్టంలోనే ఉంది. పని జరిగే రోజుల్లో దాని మీద పెయింటు డబ్బాలు, టీ గ్లాసులు పెట్టకుండా చెక్కపెట్టె చేయించి మూసేయండి. నోటితో చెబితే సరిపోదు, సాయంత్రానికి మర్చిపోతారు.

పూజ వస్త్రాలు, పాత్రలు ఉంచే సాక్రిస్టీ గదిలో చిన్న తొట్టి ఒకటి ఉంటే దాని గొట్టం సంగతి ప్లంబర్‌కి నువ్వే దగ్గరుండి చెప్పు. దాన్ని సక్రారియం అంటారు. పూజ పాత్రలు తుడిచిన వస్త్రాలను మొదటిసారి జాడించిన నీళ్లు అందులో పోస్తారు. ఆ నీళ్లు నేరుగా మట్టిలోకి పోవాలి, మురుగు కాలువలో కలవకూడదు. ఇది తెలియని ప్లంబర్ గొట్టాలన్నీ కొత్తవి వేస్తూ దీన్నీ డ్రైనేజీకి కలిపేస్తాడు. అతని దృష్టిలో అది ఇంకో వాష్ బేసిన్, అంతే.

బలిపీఠం దగ్గర గొడవ తప్పదు, ముందే చెబుతున్నా. వెనక గోడకు ఆనుకుని ఉన్న పాత పీఠాన్ని తీసేయాలని కొందరు, వేలు కూడా పెట్టకూడదని కొందరు పట్టుబడతారు. పడగొట్టమని 1960లలో బిషప్పులు కూడిన రెండవ వాటికన్ మహాసభే చెప్పిందని ఎవరో ఒకరు అంటారు. ఆ మహాసభ అలా చెప్పలేదు. 1963లో వెలువడిన దైవార్చన పత్రంలో విలువైన పవిత్ర వస్తువులు అమ్ముడుపోకుండా, పాడైపోకుండా చూడమని బిషప్పులకు హెచ్చరిక ఉంది. గురువు (ఫాదర్) దాని చుట్టూ తిరగగలిగేలా, ప్రజల వైపు తిరిగి పూజ చేయగలిగేలా బలిపీఠం గోడకు విడిగా ఉండాలని పూజా గ్రంథం సాధారణ సూచనలు కోరతాయి. పాత పీఠం విశ్వాసులు పూజలో పాలుపంచుకోవడానికి అడ్డంగా ఉండి, దాన్ని కదిలిస్తే కళ దెబ్బతినేలా ఉంటే, దాన్ని అలాగే ఉంచి ముందు ఇంకొకటి నేర్పుగా కట్టి ప్రతిష్ఠించమని కూడా వాటిలోనే ఉంది. అప్పుడు పాత పీఠానికి ప్రత్యేక అలంకరణ చేయరు. దివ్యసత్ప్రసాదం (పూజలో పవిత్రం చేసిన రొట్టె) ఉంచే మందసాన్ని పూజ జరిగే బలిపీఠం మీద పెట్టరాదు. అది బలిపీఠం ఉన్న ముందు భాగంలోనే వేరేచోట ఉండవచ్చు, లేదా ప్రార్థనకు అనువైన చిన్న గదిలో ఉండవచ్చు. ఎక్కడన్నది బిషప్ గారి నిర్ణయం. ఈ వాక్యాలను కాగితం మీద రాసుకుని మీటింగుకి తీసుకెళ్లు. సగం అరుపులు అక్కడే తగ్గుతాయి.

నేలకు నున్నటి రాయి, గోడలకు టైల్స్ వేసే ముందు శబ్దం గురించి ఆలోచించండి. గట్టి ఉపరితలాలు పెరిగేకొద్దీ ప్రతిధ్వని పెరుగుతుంది. పాటకు అది బాగానే ఉంటుంది, బైబిలు పఠనం మాత్రం ఒక మాట మీద ఇంకో మాట పడి గజిబిజి అవుతుంది. అప్పుడు పెద్ద స్పీకర్లు కొంటారు, గోల ఇంకా పెరుగుతుంది. ముందు భాగంలో రెండు పెద్దవి పెట్టడం కన్నా జనానికి దగ్గరగా చిన్నవి ఎక్కువ పెట్టడం నయం. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లకు ర్యాంపు వేస్తారు కదా, బైబిలు చదివే వాక్య పీఠం దాకా కూడా దారి ఉండేలా చూడు. పఠనం చదివేవాళ్లూ వీల్‌చైర్‌లో ఉండొచ్చు.

నిప్పు విషయంలో నన్ను చాదస్తుడనుకున్నా పర్వాలేదు. రోములోని పునీత పౌలు బసిలికా 1823లో కాలిపోయింది, పైకప్పు మరమ్మతు చేస్తున్న పనివాడి అజాగ్రత్త వల్ల. దాన్ని మళ్లీ కట్టి ప్రతిష్ఠించేసరికి 1854 వచ్చింది. ప్యారిస్‌లో నోత్రదామ్ 2019 ఏప్రిల్ 15న తగలబడింది. దానికి కారణం కచ్చితంగా తేలలేదు కానీ అప్పుడు అక్కడ పునరుద్ధరణ పనులు జరుగుతున్నాయి. మీ పైకప్పు దగ్గర వెల్డింగు, కటింగు ఉంటే పని ముగించే వేళకు చాలా ముందే అవి ఆపేయాలని కాంట్రాక్టులో రాయించు. ఆ తర్వాత ఒక మనిషి అక్కడే కూర్చుని పొగ వస్తుందేమో చూడాలి. దుమ్ము పట్టిన చెక్కలో పడ్డ నిప్పురవ్వ గంటలకొద్దీ రాజుకుంటూ ఉండగలదు. పాత వైరింగు మొత్తం మార్చడం కూడా రంగుల కన్నా ముందే అవ్వాలి.

డబ్బు గురించి రెండు మాటలు. ఎవరైనా కిటికీల కోసమని ఇస్తే అది కిటికీలకే ఖర్చవ్వాలి, చట్టం అలాగే అంటుంది (1267). కాబట్టి చందాలు అడిగేటప్పుడే "గుడి మరమ్మతులకు" అని విశాలంగా రాయండి. పాత గోడ తెరిస్తే లోపల ఏముందో ఎవరూ చెప్పలేరు, అంచనాలో కొంత భాగం ముట్టుకోకుండా పక్కన పెట్టండి. కాలువలకు డబ్బు ఇమ్మంటే ఎవరూ ఉత్సాహంగా ఇవ్వరు. తడిసిన దూలాల ఫోటోలు పూజ అయ్యాక తెర మీద చూపించండి, అప్పుడు ఇస్తారు.

గుడి మూసేసే రోజుల్లో పూజ ఎక్కడ జరుగుతుందో, దివ్యసత్ప్రసాదం ఎక్కడ ఉంటుందో ముందే తేల్చుకుని ప్రకటించండి. ఏ స్వరూపం తీసినా అది ఎక్కడ భద్రంగా ఉందో అక్కడే ఒక కాగితం అంటించండి. రోజూ దాని ముందు మోకరించే ముసలమ్మకు కమిటీ తీర్మానం చేరదు, ఖాళీ గూడే కనిపిస్తుంది.

మేత్రాసనానికి పంపే ఉత్తరం నువ్వే రాస్తానన్నావు కదా. ఇంజినీర్ రిపోర్టు, ఫోటోలు, అంచనా జతచేసి, సంతకాలకు ముందు నాకు ఒక కాపీ పంపు. చూసి ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగి పంపుతాను.

ఇట్లు,
నీ బాబాయి